వేసవిలో ఆరు వారాలు సంఘంలో పిల్లల, యవ్వనస్తుల పరిచర్య: ఎక్కడ మొదలుపెట్టాలి?

వంశధార_ఒడ్డు
ఏప్రిల్ 9, రాత్రి 9:40

అందరికీ వందనాలు. ఇక్కడ చాలాకాలంగా చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. మా ఇల్లు శ్రీకాకుళం. విజయనగరంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా సంఘంలో ఈ ఏడాది కొత్తగా ఒక ఏర్పాటు చేశారు. వేసవి సెలవుల్లో ఒకరిని ఆరు వారాలపాటు పిల్లల, యవ్వనస్తుల పరిచర్యలో సహాయానికి పెట్టుకుంటారట. దానికి ఇంటర్న్‌షిప్ అని పేరు. పాస్టరుగారు నన్ను అడిగారు. నాకంటే ముందు అమ్మ సరే అనేసింది.

పని ఏప్రిల్ 28 నుంచి జూన్ 8 వరకు. మే 1 నుంచి పది రోజులు పట్నంలోని మందిరంలో సెలవుల బైబిలు బడి, అంటే మనమందరం వీబీఎస్ అనేది. ఆ తర్వాత కళింగపట్నం వైపు సముద్రపు ఒడ్డు పల్లెలో ఐదు రోజులు. ఇవి కాక ప్రతి ఆదివారం సండే స్కూలు, శనివారం సాయంత్రం యూత్ కూడిక. నెలకు నాలుగు వేలు, బస్సు ఖర్చులు ఇస్తామన్నారు.

నాకు పాఠం చెప్పిన అనుభవం లేదు. పాట పాడతాను, అది కూడా పదిమంది గొంతుల్లో కలిసిపోతేనే. యూత్‌లో సగం మంది నాతో బడిలో చదివినవాళ్లే, వాళ్లకు నేను చెప్పేది ఏముంటుంది? మొన్న ఒక పెద్దాయన ‘కార్యక్రమం ఘనంగా ఉండాలమ్మా, ఫ్లెక్సీ మీద నీ ఫొటో కూడా వేయిస్తాం’ అన్నారు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు.

ఇంకొక సందేహం. కాలేజీలో రెండో ఏడాది తర్వాత ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కదా, ఇది దానికి చెల్లుతుందా?


గంటస్తంభం
ఏప్రిల్ 9, రాత్రి 10:15

ముందు ఫొటో వద్దని చెప్పండి. మే ఎండకు రెండో వారానికే ముఖం వెలిసిపోతుంది.

తర్వాత ఆ నాలుగు వేల సంగతి. రోజుకు నూట ముప్పై చిల్లర. మా సంఘంలో ఈ పని చేసేవాళ్లను ఒకప్పుడు ‘ఒరేయ్ అబ్బాయ్’ అని పిలిచేవారు, తర్వాత వాలంటీరు అన్నారు, ఇప్పుడు ఇంటర్న్ అంటున్నారన్నమాట. పని మాత్రం మారలేదు: కుర్చీలు వేయడం, కుర్చీలు తీయడం. మీరు చేయాల్సిన పనులతోపాటు చేయనక్కరలేని పనులు కూడా కాగితం మీద రాయించుకోండి. రెండో జాబితాయే ముఖ్యం.


పాతబడి_పంతులమ్మ
ఏప్రిల్ 10, ఉదయం 6:05

అమ్మాయీ, ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడిలో, దాదాపు అంతకాలమూ సండే స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. నా మొదటి సండే స్కూలు పాఠం నోవహు ఓడ. పదిహేను నిమిషాలకని తయారై వెళ్తే నాలుగు నిమిషాల్లో ఓడ అరారాతు కొండ మీద ఆగిపోయింది. మిగిలిన పదకొండు నిమిషాలు పిల్లలు నన్ను చూశారు, నేను వాళ్లను చూశాను.

మొదటి వారం పాఠాల సంగతి పక్కనపెట్టి పేర్లు నేర్చుకో. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొని పిల్లకొక పేజీ కేటాయించు. పేరు, తరగతి, ఇంట్లో ఎవరుంటారు, ఉదయం ఎవరు దింపుతారు, ఎవరు తీసుకువెళ్తారు. మన జిల్లాలో ‘ఇంట్లో ఎవరుంటారు’ అనేది చిన్న ప్రశ్న కాదు. అమ్మానాన్నలు హైదరాబాదుకో చెన్నైకో భవనాల పనికి వెళ్లిపోతే నాయనమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఎంతమందో. ఒకసారి నేను అలవాటుగా ‘రేపు మీ అమ్మచేత సంతకం పెట్టించుకొని రా’ అన్నాను. ఆ పిల్ల మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. వాళ్ల అమ్మ వచ్చేది సంక్రాంతికి మాత్రమేనని నాకు వేరేవాళ్లు చెప్పారు.

సండే స్కూలంటే బైబిలు కథల బడి అనుకుంటాం. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాయజమాని మొదలుపెట్టినప్పుడు వచ్చినవాళ్లు వారమంతా పనికి పోయే పిల్లలు. ఆదివారం ఒక్కటే తీరిక. వాళ్లకు ముందు చదవడం నేర్పారు. మన వైపు 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ కూడా ముందు తాము తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు, బడి పెట్టారు. ఎందుకు చెబుతున్నానంటే, నీ తరగతిలో ఐదో తరగతి దాటినా చదవలేని పిల్లవాడు ఒక్కడైనా ఉంటాడు. అందరూ కంఠత వాక్యం చదువుతుంటే వాడు పెదవులు మాత్రం కదుపుతాడు. పట్టుకోవడం తేలిక: మిగతావాళ్ల కంటే అర క్షణం వెనక ఉంటాడు. వాడిని లేపి చదివించవద్దు. పదిన్నరకు అందరూ వెళ్లాక చాపలు మడవడానికి సహాయం కావాలని ఆపుకొని, పావుగంట ఒత్తులూ గుణింతాలూ చూడు.

ఇక పని మాటలు. వీబీఎస్ వేళ ఉదయం ఏడున్నర నుంచి పదిన్నర. కథ పన్నెండు నిమిషాలు మించకూడదు. అందరికంటే చిన్న పిల్లల తరగతి తేలికని ఎవరైనా అంటే నమ్మకు, కష్టమంతా అక్కడే. చేతిపనులకు థర్మోకోలు కొనవద్దు. తాటాకుతో బొమ్మలు, బుట్టలు అల్లడం వచ్చిన ముసలమ్మ ప్రతి సంఘంలోనూ ఉంటుంది, పిలిచి కూర్చోబెట్టు. ఆమెను పిలిచినవాళ్లు ఉండరు.

ఫొటో విషయంలో గంటస్తంభంగారితో ఏకీభవిస్తున్నాను.


చీపురుపల్లి_లెక్చరర్
ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:20

కాలేజీ సంగతి. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, చివరి ఏడాది ఒక సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్. రాష్ట్ర ఉన్నత విద్యామండలి పెట్టిన పద్ధతి ఇది. రెండో ఏడాదిది మీరు చదివే సబ్జెక్టుకు దగ్గరగా ఉండాలి. మా కాలేజీలో ఒకబ్బాయి గుడి పనుల పేరుతో, ఒకమ్మాయి చర్చి పనుల పేరుతో అడిగారు. ఇద్దరికీ కుదరదన్నాం. కాబట్టి దీన్ని దానికి ముడిపెట్టవద్దు. మీ మెంటరును అడిగి, మిగిలిన రోజుల్లో ఆ పని విడిగా ఎలా పూర్తిచేయాలో చూసుకోండి. లాగ్ బుక్ రాసే అలవాటు మాత్రం రెండుచోట్లా పనికొస్తుంది.


కాపరి_ఇంటి_అబ్బాయి
ఏప్రిల్ 10, రాత్రి 8:50

నేను పాస్టరు కొడుకును. గంటస్తంభంగారి వెటకారం నాకు నవ్వు తెప్పించింది, కొంచెం గుచ్చుకుంది కూడా. మా నాన్నగారు ఎవరిచేతా ఊరికే చాకిరీ చేయించుకోలేదు. చేయించుకుంటే మా చేతే చేయించుకున్నారు.

కానీ ఒకటి నిజం. సంఘం పనికి ఇక చాలు అని గంట కొట్టేవాళ్లు ఉండరు. ఉదయం వీబీఎస్, మధ్యాహ్నం రేపటికి రంగు కాగితాలు కత్తిరించడం, సాయంత్రం గృహకూడిక, రాత్రి పదికి ‘అమ్మాయీ, రేపు కీబోర్డు అబ్బాయి రావడం లేదట’ అని ఫోను. వారంలో ఒక రోజు, సోమవారమైతే మేలు, ఫోను ఎత్తనని ముందే చెప్పేయండి. మొదటి వారంలో చెబితే పద్ధతి అంటారు, నాలుగో వారంలో చెబితే పొగరు అంటారు.


గంటస్తంభం
ఏప్రిల్ 10, రాత్రి 9:30

గుచ్చుకుంటే క్షమించండి తమ్ముడూ. నా లెక్క ఇంకా తేలలేదు, అందుకని మాట పుల్లగా వచ్చింది. నేను వాలంటీరుగా ఉన్న ఏడు రంగు కాగితాలకు, బహుమతుల పెన్సిళ్లకు నా జేబులోంచి పెట్టిన పదహారు వందలు ఇప్పటికీ రాలేదు. అడిగితే ‘పరలోకంలో జమ అవుతుంది’ అన్నారు. పాస్‌బుక్ మాత్రం ఇవ్వలేదు.


ఆసుపత్రి_డ్యూటీ
ఏప్రిల్ 11, రాత్రి 11:45

రాత్రి డ్యూటీలో రాస్తున్నాను, సూటిగా చెబుతాను. నేను నర్సును.

ఎండ: తాగునీళ్లు మందిరం లోపల, నీడలో, పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలి. ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర ఉంచుకోండి. అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతోనే. రంగు నీళ్ల పానీయాలకు బదులు పల్చటి చోడి అంబలి, మజ్జిగ. ఆటలు ఎనిమిదిన్నర లోపే. తలనొప్పి అని మూల కూర్చున్న పిల్లను నటిస్తోందని అనుకోవద్దు.

రెండోది పెద్దలకు నచ్చదు, అయినా చెప్పాలి. ఏ పిల్లతోనైనా, ఏ గదిలోనైనా ఒక్క పెద్దమనిషి ఒంటరిగా ఉండకూడదు. పాస్టరైనా, మీరైనా, ముప్పై ఏళ్లుగా సంఘంలో ఉన్న పెద్దాయనైనా. మరుగుదొడ్డికి ఇద్దరు పిల్లలు కలిసి వెళ్లాలి, బయట ఒక అక్క నిలబడాలి. పిల్లల ఫోను నంబర్లు తీసుకోవద్దు, ఇంటి పెద్దల నంబర్లు తీసుకోండి. ఏ పిల్లయినా జరగరానిది జరిగిందని చెబితే ‘ఎవరికీ చెప్పనులే’ అని మాట ఇవ్వకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోను నంబరును నోటుపుస్తకం అట్ట మీద రాసుకోండి. సంఘం పరువు పోతుందని ఆపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను నేను ఆసుపత్రి వరండాలో చూశాను.


బొబ్బిలి_వీణ
ఏప్రిల్ 12, ఉదయం 10:10

నేను మీ సంఘాల మనిషిని కాను, హిందువును. అయినా చిన్నప్పుడు మూడు వేసవులు వీబీఎస్‌కు వెళ్లాను. ఉదయం మూడు గంటలు ఇంట్లో అల్లరి ఉండదని బామ్మ పంపేది. యోసేపు రంగుల అంగీ కోసం దర్జీ దుకాణంలో ముక్కలు ఏరి తెచ్చి అట్టకు అంటించాను. ఆ అట్ట ఈమధ్య దాకా మా అటక మీద ఉండేది.

మూడో ఏడు చివరి రోజు ఒక అన్న ‘యేసును అంగీకరించినవాళ్లు చేతులెత్తండి’ అన్నాడు. ఎత్తాను. చుట్టూ అందరూ ఎత్తారు, ముందు బల్ల మీద చాక్లెట్లు ఉన్నాయి. ఇంటికి వచ్చి గొప్పగా చెప్పాను. తర్వాతి ఏడు బామ్మ పంపలేదు. అప్పుడు రెండు రోజులు ఏడ్చాను. ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు, బామ్మ మీద కోపం లేదు.

చెప్పదలచుకున్నది ఇంతే. ఏం నేర్పుతారో ఇంటికి వెళ్లి ముందే చెప్పి, ఒప్పుకున్న వాళ్ల పిల్లలనే పిలవండి. తొమ్మిదేళ్ల పిల్లచేత చెయ్యి ఎత్తించకండి.


సువార్త_దివిటీ
ఏప్రిల్ 12, ఉదయం 11:00

సువార్త చెప్పకపోతే అది వీబీఎస్ ఎలా అవుతుంది సహోదరీ? పాటలూ ఆటలూ వేసవి శిబిరంలో కూడా ఉంటాయి.


పాతబడి_పంతులమ్మ
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 12:30

చెప్పవద్దని ఆవిడ అనలేదు నాయనా, ఇంటివాళ్లకు తెలియకుండా చెప్పవద్దంటోంది. నేను ప్రతి ఏడూ వీబీఎస్‌కు వారం ముందు ఇల్లిల్లూ తిరిగేదాన్ని. బైబిలు కథలు, పాటలు, ఒక ప్రార్థన ఉంటాయని చెప్పి సంతకమో వేలిముద్రో తీసుకునేదాన్ని. వద్దన్న ఇంట్లో మంచినీళ్లు తాగి వచ్చేదాన్ని. ఏ ఏడూ గొడవ రాలేదు.


సువార్త_దివిటీ
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 12:50

సరే, మరి పన్నెండేళ్లు దాటిన పిల్లలకు బాప్తిస్మం విషయం ఎప్పుడు బోధించాలి? చిలకరింపా, ముంచడమా అన్నది కూడా...


నిర్వాహకుడు
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:05

ఆ ప్రశ్నకు వేరే చర్చ ఉంది. పద్నాలుగు పేజీలు నడిచి తాళం పడింది. దాని తర్వాత వచ్చిన పదకొండు వ్యాఖ్యలను ఇక్కడి నుంచి తీసేశాను. పిల్లల సంగతికి రండి.


ఉద్దానం_జీడితోట
ఏప్రిల్ 13, సాయంత్రం 6:40

అందరూ పిల్లల గురించే చెప్పారు, యూత్ మాట ఎవరూ ఎత్తలేదు. పలాస వైపు ఎనిమిదేళ్లుగా యూత్ కూడిక నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

యూత్ కూడిక అంటే పెద్దల మనసులో ఒక బొమ్మ ఉంటుంది: ముప్పై మంది, ఒక గిటారు, ఒక ఉద్రేకమైన సందేశం. మాకు అలాంటి రోజులు ఉండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడితోటలను, కొబ్బరిచెట్లను పడగొట్టింది. జీడిమొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది, అంతవరకు ఇల్లెలా గడవాలి? కుర్రాళ్లు సంచులు సర్దుకొని రైలెక్కారు. ఇప్పుడు నా కూడికకు తొమ్మిది మంది వస్తే పండుగ.

వేసవిలో మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరో ముందు చూసుకోండి. ఇంటర్ తప్పి సప్లిమెంటరీకి చదువుతూ ఎవరికీ ముఖం చూపించని కుర్రాడు. ఈఏపీసెట్ ర్యాంకు మీద ఇంట్లో పందెం కాసిన అమ్మాయి. సెలవు మీద ఊరు వచ్చి, పెద్ద ఫోను చూపిస్తూ, లోపల్లోపల మళ్లీ ఆ గదికి వెళ్లాలంటే ఏడుపు వచ్చే తాపీ పనివాడు. ఈ ముగ్గురినీ ఒక చాప మీద కూర్చోబెట్టి ‘యవ్వనకాల శోధనలు’ అని సందేశం ఇస్తే ముగ్గురూ ఫోనులోకి దూరతారు. కూడిక వేళ కూడా చూడండి. ఆరున్నరకు పెడితే ఆడపిల్లలు రారు, వచ్చినా గడియారం చూస్తూ కూర్చుంటారు. నాలుగున్నరకు మొదలుపెట్టి వెలుగుండగానే పంపించండి.

మీతో చదివినవాళ్లకు మీరేం చెప్పాలని అడిగారు. చెప్పకండి. పని ఇవ్వండి. వీబీఎస్‌కు బొమ్మలాట తెర కట్టాలి, నీళ్ల డ్రమ్ములు మోయాలి, ఆటో మాట్లాడాలి. నోరు విప్పని కుర్రాడికి మైకు ఇస్తే పారిపోతాడు, మైకు వైరు ఇస్తే రాత్రి పదింటి దాకా ఉంటాడు.


సీతంపేట_మెట్ట
ఏప్రిల్ 14, రాత్రి 7:15

మాది శ్రీకాకుళం జిల్లా అని ఇప్పటికీ నోటికి వస్తుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. మనుషులు కదలకుండానే జిల్లా మారింది.

నేను సవరను. చిన్నప్పుడు పట్నం నుంచి వీబీఎస్‌కు వచ్చిన అక్క తప్పిపోయిన గొర్రె కథ చెప్పింది. ‘కాపరి దానిని వెదకుచు వెళ్లెను’ అంటూ పుస్తకంలో ఉన్నట్టే. ఎవరికీ అర్థం కాలేదు. మా భాష ముండా కుటుంబానికి చెందింది, తెలుగుకు చుట్టం కాదు. అందులోనూ అది పుస్తకాల తెలుగు. రెండో రోజు మా ఊరి పెద్దపిల్ల ఒకామె అదే కథను సవరలో, గొర్రె బదులు మేకను పెట్టి చెప్పింది. పోయిన మేక ఏ వాగు దగ్గర ఉంటుందో, చీకటి పడితే ఏ జంతువు వస్తుందో అన్నీ కలిపింది. కథ అయ్యేసరికి నా పక్కనున్న వాడు ఏడుస్తున్నాడు. వాళ్ల మేక కిందటి వారమే పోయింది.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకొని, మా పిల్లలకు మా భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారు. నూరేళ్లు దాటింది. మీరు వెళ్లేది సవర ఊరు కాదు, బెస్తపల్లె. అయినా వాళ్ల మాట వాళ్లకుంటుంది. కథ మీరు చెప్పాక వాళ్లలో ఒకరిచేత మళ్లీ చెప్పించండి. ఎక్కడ అర్థం కాలేదో అక్కడ తెలుస్తుంది.


వంశధార_ఒడ్డు
ఏప్రిల్ 26, రాత్రి 9:05

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. నోటుపుస్తకం కొన్నాను, అట్ట మీద 1098 రాశాను. పనుల కాగితం రాయించుకున్నాను. కుర్చీలు రెండో జాబితాలో ఉన్నాయి. పాస్టరుగారు నవ్వి సంతకం పెట్టారు. సోమవారం సెలవు. ఇద్దరు పెద్దలుండాలనే పద్ధతి గురించి కమిటీలో చెప్పినప్పుడు ఒకాయన ‘మా మీద అనుమానమా’ అన్నారు. పాస్టరుగారు ‘ముందు నాకే వర్తింపజేయండి’ అన్నాక ఆయన మాట్లాడలేదు.


వంశధార_ఒడ్డు
మే 13, మధ్యాహ్నం 3:30

పట్నంలో పది రోజులూ అయిపోయాయి. యాభై మంది వస్తారనుకుంటే మొదటి రోజు ఎనభై ఆరు. పుస్తకాలు చాల్లేదు. నా మొదటి కథ ఆరు నిమిషాల్లో అయిపోయింది, పంతులమ్మగారి కంటే రెండు నిమిషాలు నయం. బొమ్మలాటలో గొల్యాతు తల దావీదు రాయి విసరకముందే ఊడిపడింది. ఆ రోజుకు అదే అందరికీ నచ్చింది.

పెదవులు కదిపే పిల్లవాడు దొరికాడు. ఏడో తరగతి. నిజంగానే అర క్షణం వెనక. చాపలు మడవడానికి ఆపాను, వాళ్ల నాయనమ్మ గుమ్మంలోనే కూర్చునేది. పది రోజుల్లో క్రావడి దాకా వచ్చాం. ‘ప్రభువు’ చదివాడు. ‘క్రీస్తు’ దగ్గర ఆగిపోయాడు, ఒకే అక్షరంలో అన్ని ఎందుకు ఎక్కించారని నన్ను తిట్టాడు.

యూత్‌లో ఒకబ్బాయి మొదటి శనివారం గోడకు ఆనుకొనే ఉన్నాడు. వైరు తెగినప్పుడు లేచి వచ్చి, పళ్లతో తొడుగు చీల్చి, రెండు నిమిషాల్లో అతికించాడు. ఇప్పుడు కూడికకు అందరికంటే ముందు వస్తున్నాడు. ఇంటర్ సంగతి నేను అడగలేదు. తనే చెప్పాడు.

ఫ్లెక్సీ మీద ఫొటో వద్దన్నాను. వేశారు. చిన్నదే.


గంటస్తంభం
మే 13, సాయంత్రం 5:00

ఎంత చిన్నది?


వంశధార_ఒడ్డు
మే 13, సాయంత్రం 5:20

ఆటోలోంచి కనబడేంత.


వంశధార_ఒడ్డు
మే 24, రాత్రి 8:45

ఒడ్డు పల్లె నుంచి నిన్న తిరిగి వచ్చాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కదా. మగవాళ్లందరూ ఊళ్లోనే ఉన్నారు. మందిరం అంటే ఒక తాటాకు పందిరి. దాని వెనక వలలు పరుచుకొని బాగుచేసుకుంటున్నారు. అంటే నా తరగతికి నలభై మంది పిల్లలు, పదిహేను మంది తండ్రులు. తండ్రులు వినడం లేదన్నట్టు వింటున్నారు.

సముద్రం పిల్లలు కదా అని మొదటి రోజు యోనా కథ పెట్టుకున్నాను. తుఫానులో ఓడవాళ్లు సరుకంతా సముద్రంలో పారేశారు అన్నాను. ఒకడు లేచి ‘వలలు కూడా పారేశారా?’ అన్నాడు. అది సరుకు ఓడ, వలలు ఉండవు అన్నాను. ‘మరి సరుకు ఎన్ని లక్షలది? ఎవరు కట్టారు?’ చేప దగ్గరికి వచ్చేసరికి ఏ చేప అని ఇంకో పిల్ల. గొప్ప మత్స్యము అని రాసి ఉందన్నాను. ‘గొప్ప మత్స్యం అని చేప లేదక్కా.’ వెనక వలల దగ్గర ఎవరో దగ్గినట్టు నవ్వారు.

రాత్రంతా ఆలోచించి మర్నాడు యోహాను సువార్త చివరి అధ్యాయం తీసుకున్నాను. శిష్యులు ఏడుగురు రాత్రంతా వల వేస్తారు, ఏమీ పడదు. ఇక్కడ వివరించాల్సిన పని లేకపోయింది. పడనప్పుడు ఇంట్లో ఎలా ఉంటుందో వాళ్లే నాకు చెప్పారు: నాన్న అన్నం తినడు, అమ్మ గిన్నెలు గట్టిగా పెడుతుంది. తెల్లవారి ఒడ్డున నిలబడిన ఆయన కుడివైపు వేయమన్నాడు, వేశారు, నూట యాభై మూడు గొప్ప చేపలు పడ్డాయి, వల పిగలలేదు (చిరగలేదు) అని చెప్పాను. వల పిగలలేదన్న మాటకు వెనక పనిచేస్తున్న చేతులు ఒక్కసారి ఆగాయి.

‘ఎవరు లెక్కపెట్టారు?’ అన్నాడు మొదటి రోజు వలల గురించి అడిగినవాడే. పుస్తకంలో చూశాను. రాసి లేదు. అసలు ఎందుకు లెక్కపెట్టారో కూడా నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నా ముఖం చూసి వెనక నుంచి ఒకాయన వల మీంచి తల ఎత్తకుండానే అన్నారు: ‘వాటాలు పంచుకోవాలి కదమ్మా.’

అంతే, పాఠం నా చేతిలోంచి వెళ్లిపోయింది. పిల్లలు ఇసుక మీద భాగహారం మొదలుపెట్టారు. నూట యాభై మూడును ఏడుగురికి పంచితే మనిషికి ఇరవై ఒకటి, ఆరు మిగులుతాయి. ఆ ఆరూ ఎవరివి? పేతురువన్నారు కొందరు, దేవునికన్నారు కొందరు. వాడు మాత్రం వెనక్కి తిరిగి వాళ్ల నాన్నను చూసి ‘పడవ వాటా తీయలేదు’ అన్నాడు. ఎనిమిది వాటాలు వేస్తే పంతొమ్మిది, ఒకటి మిగిలింది. ‘వలకి?’ అన్నాడు వాళ్ల నాన్న. పడవకు ఒకటి, వలకు ఒకటి, మనుషులకు ఏడు, మొత్తం తొమ్మిది వాటాలు. వాడు వేలితో ఇసుక మీద గీసి, చెరిపి, మళ్లీ గీశాడు.

పదిహేడు. ఒక్క చేప కూడా మిగల్లేదు.

ఆ తర్వాత కంఠత వాక్యం చెప్పించాలని నాకు గుర్తు రాలేదు.


పాతబడి_పంతులమ్మ
మే 24, రాత్రి 9:30

ముప్పై ఏళ్లుగా ఈ కథ చెబుతున్నాను, అందులో పదిహేనేళ్లు లెక్కల టీచరుని. ఒక్కసారీ భాగించలేదు.


సువార్త_దివిటీ
మే 24, రాత్రి 9:50

వాటాల సంగతి వాక్యంలో లేదు. అయినా బాగుంది.


గంటస్తంభం
మే 24, రాత్రి 10:00

దయచేసి ఈ లెక్కను ఎవరూ ప్రసంగంలో పెట్టి, తొమ్మిదికి ఆత్మీయ అర్థం ఇది, పదిహేడుకు అది అని మొదలుపెట్టకండి.


కాపరి_ఇంటి_అబ్బాయి
మే 24, రాత్రి 10:04

ఆలస్యమైంది. నాన్నగారికి ఇప్పుడే పంపాను. రేపు ఆదివారం.


ఆసుపత్రి_డ్యూటీ
మే 25, ఉదయం 5:30

నీళ్లు, నీడ, మరుగుదొడ్డి సంగతులు రాయలేదు. అన్నీ సరిగ్గా జరిగాయా?


వంశధార_ఒడ్డు
మే 25, ఉదయం 7:00

జరిగాయి అక్కా. ఒక పాపకు మూడో రోజు కళ్లు తిరిగాయి. ఉదయం ఏమీ తినకుండా వచ్చింది. నాలుగో రోజు నుంచి కథ కంటే ముందు అంబలి పోశాం.


వంశధార_ఒడ్డు
జూన్ 15, సాయంత్రం 6:20

ఎనిమిదో తేదీతో నా ఆరు వారాలు అయిపోయాయి. పన్నెండున బడులు తెరిచారు. నోటుపుస్తకాన్ని సండే స్కూలు టీచరుకు అప్పజెప్పాను, నూట ఇరవై రెండు పేజీలు నిండాయి. కొన్ని పేజీల్లో ‘మళ్లీ హైదరాబాదు వెళ్లిపోయారు’ అని రాయాల్సి వచ్చింది. చాపల అబ్బాయి పేజీలో ‘క్రీస్తు దాటాడు, లక్ష్మి దగ్గర ఉన్నాడు’ అని రాశాను. లక్ష్మి వాళ్ల నాయనమ్మ పేరు.

ఎనిమిది వేలు అనుకున్నాను, ఆరు వేలు ఇచ్చారు, ఆరు వారాలే కదా అని. లెక్క సరిగ్గానే ఉంది, నేనే నెలలు తప్పు లెక్కపెట్టుకున్నాను. గంటస్తంభంగారూ, రంగు కాగితాల డబ్బు మాత్రం రసీదుతో సహా మూడో రోజే వచ్చింది. మీ పదహారు వందల సంగతి మా కోశాధికారికి చెప్పాను. మీది వేరే సంఘం అన్నారు.

తెల్లవారుజామున పడవలు మళ్లీ సముద్రం మీదికి వెళ్లాయి. మధ్యాహ్నం ఇసుక మీద వాటాలు తేల్చిన పిల్లవాడి నాన్నగారు ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టి, వాడికి ఇచ్చారు. ఎన్ని పడ్డాయి, లెక్కపెట్టావా అని అడిగాను.

‘నెత్తళ్లు పడ్డాయక్కా,’ అన్నాడు. ‘నెత్తళ్లను ఎవరైనా లెక్కపెడతారా? గంపలతో కొలుస్తారు.’